పడుకుని చూసిన గది

గంగులప్ప మేస్త్రీ ముప్పై ఏళ్లుగా రామసముద్రం చుట్టుపక్కల సర్కారు కాలనీ ఇళ్లకు పునాది ముగ్గు పోస్తున్నాడు. ప్లానులో ఎలా ఉంటే అలా పోయడమే ఆయన పని. అభిప్రాయం చెప్పమని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

రాబోయే రోజుల్లో కాలనీ ఇళ్లు ఎలా ఉండాలో పరిశోధించమని మదనపల్లె ఆర్కిటెక్టు వీణకు ఓ సంస్థ నిధులిచ్చింది. ఆమె తన కొత్త ప్లాను తెచ్చి గంగులప్ప ముందు పరిచి, ఎలా ఉందో చెప్పమంది.

ఆయన లేచి ముగ్గు తెచ్చాడు. ఇంటి ముందు ఖాళీ స్థలంలో, ప్లానులోని పడకగదికి అవే కొలతలతో ముగ్గు పోశాడు. అందులో ఒక పక్క మంచం వేశాడు, ఇంకో పక్క రాగుల మూటలు పేర్చాడు. తర్వాత భార్యను పిలిచాడు.

"ఎల్లమ్మా, మిగిలిన తావులో పనుకో."

ఎల్లమ్మ నవ్వుతూ పడుకుంది. ఆమె పాదాలు గీత దాటి బయటికొచ్చాయి.

వీణ ఆ పాదాల వైపే చూస్తూ నిలబడింది. "కాలనీ గదులు చాలవని మీకెప్పటి నుంచి తెలుసు?" అని అడిగింది.

గంగులప్ప కాలితో ఆ గీత చెరిపి, అడుగు అవతల ఇంకో గీత పోశాడు.

"మొదటి ఇంటికాడ్నించే తెలుసమ్మా. అడిగేదానికే మీకు ముప్పై ఏండ్లు పట్టె."