బ్యాటరీ అమ్మినప్పుడు అడగని ప్రశ్న

2023 చలికాలం. సూరత్‌లో పాండేసర నుంచి బమ్రోలి వెళ్ళే దారిలో నా ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. కార్ల వైరింగ్, సెల్ఫ్ మోటార్లు, లైట్లు, రేడియోలు చూస్తాను. చుట్టూ బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లులు, మగ్గాల కార్ఖానాలు. వచ్చేవాళ్ళలో చాలామంది సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మావాళ్ళే.

ఆ రోజు ఒక పాత చిన్నకారు వచ్చి ఆగింది. నడిపింది నర్సయ్య. పక్క సీట్లో అతని వదిన భాగ్యమ్మ. ఆమె భర్త మల్లేశం నాకు తెలిసినవాడు. మగ్గం మీద కూలీగా మొదలుపెట్టి చివరికి సొంత మగ్గాలు పెట్టుకున్నాడు. ఆ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అతను గుండెపోటుతో పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

"రేడియో పలుకుతలేదన్నా" అన్నాడు నర్సయ్య.

చూశాను. తెర మీద సేఫ్ అని ఉంది. అంటే ఎవరో తప్పు నంబర్లు కొట్టారు.

"ఏం నంబర్ కొట్టినవ్?"

"అది కోడ్ అడిగింది. అన్న పుట్టిన సాలు కొట్టిన. పెండ్లి సాలు కొట్టిన. కార్ఖానా నంబర్ సుత కొట్టిన. ఇగ సేఫ్ అని పడ్డది. మంచిగనే ఉన్నట్టుంది అని ఊకున్న."

"గీని తెలివి గిట్లనే ఉంటదన్నా" అంది భాగ్యమ్మ. "పోగు తెగి మగ్గం ఆగితే, రెస్టు దొరికిందని కాళ్ళు సాపుతడు."

కొన్ని కార్ల రేడియోలకు సెక్యూరిటీ కోడ్ ఉంటుంది. బ్యాటరీ కరెంటు పూర్తిగా పోయి మళ్ళీ వస్తే, రేడియో తనను ఎవరో దొంగిలించారనుకుని నాలుగంకెల నంబరు అడుగుతుంది. అది సరిగ్గా కొడితేనే పనిచేస్తుంది. తప్పులు కొడుతూ పోతే తాళం బిగించుకుంటుంది. కారు అద్దం పగలగొట్టి స్టీరియోలు ఎత్తుకుపోయే రోజుల్లో చేసిన ఏర్పాటు ఇది. చెడ్డ ఏర్పాటు అనను. మొదటి ఓనర్‌కు నంబరున్న కార్డు ఇస్తారు. బండి రెండు చేతులు మారితే ఆ కార్డు ఎక్కడుంటుందో దేవుడికెరుక.

కరెంటు ఎలా పోయిందని అడిగాను. నర్సయ్య తల దించుకున్నాడు. మా మగ్గాల ఇళ్ళల్లో చావు జరిగితే దినాలు అయ్యేదాకా మగ్గం నడపరు. బటన్ ఆపి ఊరుకోరు, మెయిన్ కూడా దించేస్తారు. నర్సయ్య తన అన్న మగ్గాలకు మెయిన్ దించి, బయటికొచ్చి, అన్న కారు చూశాడు. స్పానర్ తెచ్చి బ్యాటరీ వైర్లు కూడా విప్పేశాడు. దినాలు అయ్యాక మగ్గాలకు మెయిన్ ఎత్తాడు. కారును ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. నెలల తర్వాత ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తోయించి కొత్త బ్యాటరీ వేయించారు. రేడియో కోడ్ అడుగుతుండగానే ఆ సెంటర్‌వాళ్ళు బండిని వీళ్ళ చేతికిచ్చి పంపేశారు.

"రేడియో వద్దనుకుంటే వేరేది పెడతా చెల్లె" అన్నాను.

"రేడియో ఎవలికి గావాలె? దాంట్ల సీడీ ఉంది."

మార్కండేయ గుడిలో భజన జరిగినప్పుడు మల్లేశం పాడాడట. ఒక ఫోటో స్టూడియో అతను దాన్ని సీడీ చేసి ఇచ్చాడు. ఆ స్టూడియో ఎత్తేశారు. ఇంకో కాపీ లేదు.

"మేం మగ్గాల సప్పుడుల బతికినోళ్ళం" అంది భాగ్యమ్మ. "కార్ఖానాల పిలిస్తే అరుపే. ఇంటికొస్తే అలిసి ముచ్చటే లేదు. ఆయన మెల్లగ నోరిప్పింది గా సీడీలనే అన్నా. ఏడాది దినం నాడు పెడ్దామంటే, ఇది బయటికి కక్కుతలేదు, లోపల పాడుతలేదు."

రేడియో విప్పి సీడీ లాగవచ్చు. కానీ లోపలి మెకానిజం పట్టుకున్న డిస్కును బలవంతంగా తీస్తే గీత పడే ప్రమాదం ఉంది. ఒకే కాపీ మీద ఆ పని నేను చెయ్యను. సరైన దారి ఒకటే. రెండు పక్కలా సన్న ఇనుప చువ్వలు దూర్చి రేడియోను బయటికి లాగి, దాని ఒంటి మీది సీరియల్ నంబరు చూసుకోవాలి. ఆ నంబరుకు కోడ్ కంపెనీ దగ్గర ఉంటుంది. ఓనర్ అడిగితే ఇస్తారు.

సీరియల్ నంబరు తీసుకుని నేనూ వాళ్ళతో సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. కౌంటర్ దగ్గరున్న యువకుడు ఆర్సీ చూశాడు.

"మల్లేశం ఎవరు?"

"నా భర్త" అంది ఆమె.

"ఓనర్ కో లేకే ఆవో, ఆంటీ." ఓనర్‌ను తీసుకురమ్మని.

ఆమె కవర్లోంచి డెత్ సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టింది. అతను చదివాడు. చదివాక కూడా మారలేదు. అయితే ముందు ఆర్సీ మీ పేరు మీదికి మార్పించుకుని రండి, అప్పటిదాకా ఇవ్వడం కుదరదు అన్నాడు. ఆ మార్పు ఏడాది దినంలోపు జరిగేది కాదు. ఎందుకంత కష్టం, పెద్ద స్క్రీన్ పెట్టించుకోండి, ఇప్పుడు సీడీలు ఎవరు వింటున్నారు అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంత మండిందో కూడా చెప్పాలి. నా భార్య పోయాక ఆమె ఫోన్ నంబరు నా పేరు మీదికి మార్పించుకుందామని వెళితే, అక్కడి కౌంటర్లోనూ ఆమెనే తీసుకురమ్మన్నారు. నేను మాట్లాడకుండా తిరిగి వచ్చేశాను. ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలియదు.

ఈసారి నేను నోరు తెరిచేలోపే భాగ్యమ్మ మాట్లాడింది. మగ్గాల మధ్య నేర్చిన హిందీ ఆమెది. మగ్గాల మీద నుంచి వినబడేంత గొంతు.

"బ్యాటరీ బేచా తబ్ మై ఓనర్ థీ. అభీ నహీఁ?" బ్యాటరీ అమ్మినప్పుడు నేనే ఓనర్‌ని, ఇప్పుడు కాదా అని.

హాలులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె ఆగలేదు. బ్యాటరీ అమ్మిన రోజు ఓనర్ ఏడి అని ఒక్కరూ అడగలేదు. బిల్లు నా పేరున రాశారు. బండి సర్వీసుకు తెమ్మని నా ఫోన్‌కే చేస్తారు. అమ్మడానికి నేను సరిపోతా, ఇవ్వడానికి చచ్చినోడు రావాల్నా? అని అడిగింది. చివరి మాట తెలుగులోనే అంది. హాలులో దాన్ని ఎవరూ తర్జుమా చెయ్యమనలేదు.

లోపలి గదిలోంచి మేనేజర్ వచ్చాడు. కాగితాలు చూశాడు. ఆర్సీ, డెత్ సర్టిఫికెట్, భార్యగా ఆమె గుర్తింపు. ఇంకేమీ అడగలేదు. కంప్యూటర్లో సీరియల్ నంబరు కొట్టి, చీటీ మీద నాలుగంకెలు రాసి ఇచ్చాడు. అంతే పని. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఆ చీటీ కోసం ఆమె అంతకుముందు రెండుసార్లు వచ్చి వెనక్కి పోయిందని నర్సయ్య అప్పుడు చెప్పాడు. నియమం అడ్డం వచ్చిందంటే ఒప్పుకునేవాణ్ణి. నియమం ఇవ్వమంటూనే ఉంది. కుర్చీలో ఉన్నవాడు ఆ కాగితాలు లోపలికి పట్టుకెళ్ళడానికి లేవలేదు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

షాపుకు వచ్చి రేడియోను మళ్ళీ బిగించాను. సేఫ్ పడ్డప్పుడు తాళం చెవి ఆన్‌లో ఉంచి, అది దానంతట అది మళ్ళీ అడిగేదాకా ఆగాలి. ఆగాము. కోడ్ కొట్టాను. లోపల డిస్కు తిరిగిన చప్పుడైంది. ఎవరో దగ్గారు. హార్మోనియం పెట్టె జరిపారు. తర్వాత మల్లేశం పాడాడు.

పక్క షాపులో గ్రైండర్ నడుస్తోంది. వాళ్ళను ఆపమని చెప్పి, నేను రేడియో సౌండ్ పెంచబోయాను.

"పెంచకన్నా" అంది భాగ్యమ్మ. "ఇంకింత తగ్గియ్యి. ఆయన అరిస్తె ఇన్నది చాలు."

తగ్గించాను. నర్సయ్య బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె సీట్లోంచి కొంచెం ముందుకు వంగి, పాట అయ్యేదాకా విన్నది.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. ఏ బండి బ్యాటరీ తీయాల్సి వచ్చినా, ముందు సన్న వైర్లతో ఇంకో బ్యాటరీ తగిలించి, రేడియోకు కరెంటు తెగకుండా చూస్తాను. రెండోది, కౌంటర్ దగ్గర ఓనర్ ఎవరని అడగడం మానేశాను. బండి ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు అని అడుగుతాను. ఎదురుగా నిలబడ్డ మనిషే జవాబు చెబుతారు.