పానకం చెంబు మోగిన పూట

దయ్యాల సంగతి ఎవరెత్తినా నేను నవ్వేదాన్ని. హిందూపురంలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందంటే, ఎలుకలేమో చూసుకోమనేదాన్ని. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. అరవైల మొదట్లో, మా చెల్లెలు సరోజ పెళ్లిరోజు ధర్మవరంలో, పట్టపగలు, నా చేతుల్లో జరిగింది మాత్రం చెబుతాను.

మా ఇంట్లో ఒక ఇత్తడి పానకం చెంబు ఉండేది. కడుపు చుట్టూ లతలు, నెమలి మెడలా వంపు తిరిగిన ముక్కు, పిడి మీద రెండు చిలకలు. మా నాయన పెళ్లికని పెనుకొండ కంచరి వీరాచారి పోత పోసి, చెక్కి ఇచ్చిన చెంబు. అప్పుడు వీరాచారి మంచి వయసులో ఉన్నాడట. మా ఇంట్లో ఎవరి పెళ్లయినా పెళ్లివారికి తొలి పానకం దానితోనే పోయాలి. అది ఆనవాయితీ.

సరోజ పెళ్లికి ముందు, కిలుము పట్టకుండా లోపల కళాయి పూత వేయించాలని నేనూ అమ్మా పెనుకొండకు తీసుకుపోయాం. వీరాచారి మంచంలో ఉన్నాడు. చెంబును ఎద మీద పెట్టించుకుని, నెమలి మెడ దగ్గర వేలి కణుపుతో తట్టాడు. చెవి ఆనించి మళ్లీ తట్టాడు.

"లోపల కళాయి పోయుండాది తల్లీ. నేను లేసినాక చేసిస్తా. ఈడే పెట్టి పోండి," అన్నాడు.

ఆయన ఇక లేవడని చూస్తేనే తెలుస్తోంది. కొడుకు రామాచారికి తండ్రి సేవకే పొద్దు చాలడం లేదు. అమ్మ ఏదో సర్దిచెప్పి చెంబు వెనక్కి తెచ్చేసింది. ధర్మవరంలో మా వీధికి వచ్చిన కళాయి అతనితో పని చేయించింది. మూత తీసి చూస్తే లోపల తెల్లగా మెరుస్తోంది. సరిపోయిందనుకున్నాం.

పెళ్లివారు హిందూపురం నుంచి బస్సులో రావాలి. తెల్లవారగానే నిమ్మకాయలు పిండి, బెల్లం, మిరియాల పొడి కలిపి చెంబు నింపి పెట్టాం. ఇంతలో బస్సు చెన్నేకొత్తపల్లి దగ్గర చెడిపోయిందని కబురు. వాళ్లు వచ్చి దిగేసరికి మిట్టమధ్యాహ్నం. చిన్నపిల్లలు ఎండకు వాడిపోయి ఉన్నారు. పెళ్లికొడుకు అవ్వను ఇద్దరు పట్టుకుని దించి పందిట్లో కూర్చోబెట్టారు. ముందు ఆమెకే పోయమన్నారు.

ఆమె గ్లాసు చాపింది. నేను చెంబు వంచబోయాను.

ఎవరో చెంబు మీద తట్టారు.

చెవితో విన్నదానికంటే చేత్తో తెలిసింది ఎక్కువ. పిడిలోంచి వేళ్లలోకి, మోచేతుల దాకా పాకింది. చుట్టూ చూశాను. చెంబును తాకేంత దగ్గర్లో ఎవరూ లేరు. గాజులు తగిలాయేమో అనుకున్నాను, అవి మోచేతి వైపు జారి ఉన్నాయి. మళ్లీ వంచాను. మళ్లీ తట్టారు, ఈసారి గట్టిగా. అంచు దాకా నింపిన చెంబు అట్లా ఖంగుమని మోగదు.

"ఏమ్మా, పొయ్యవేమి? ముసలామె గొంతు ఎండిపోతాండాది," అంది పెళ్లికొడుకు మేనత్త.

పోయాలనే చూశాను. అప్పుడిక ఆ మోత ఆగలేదు. కణుపుతో ఒకటే కొడుతున్నట్టుంది. వేళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పింది. చెంబు అవ్వ కాళ్ల ముందు పడింది.

మేళం ఆగిపోయింది. "తొలి పానకం నేలపాలు చేస్తిరే! ఇదేం శకునమమ్మా?" అని మేనత్త అరిచింది. పెళ్లికొడుకు తండ్రి కండువా దులిపి లేచి నిలబడ్డాడు. బస్సు తిప్పమంటాడేమోనని మా నాయన రెండు చేతులూ జోడించాడు. లోపల గదిలో సరోజ ఏడుపు వినిపిస్తోంది.

మా చిన్నాయన గబగబా వచ్చి చెంబు ఎత్తాడు. "ఏమీ కాలేదు బావా, పాప చెయ్యి జారింది. ఇంకా ఉండాది సూడు," అని అడుగున మిగిలింది గ్లాసులోకి వంచుకుని, అందరి ముందూ తానే తాగి నవ్వాడు.

కాసేపటికి పందిరి గుంజ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. అది ఎంతకీ ఆగలేదు. మనిషి వణికిపోయాడు.

డాక్టరు వచ్చి చిన్నాయనను చూశాక, చెంబు ముక్కులోకి గుడ్డపీలిక దూర్చి లాగాడు. పచ్చగా వచ్చింది. కళాయి అతను చెంబు కడుపులో పూత వేసి, ముక్కు మెడ వదిలేశాడు. ఆ మెడలో నిమ్మపులుపు పొద్దుటినుంచీ నిలిచి ఇత్తడి కిలుము కరిగి విషమైంది. "గట్టి మనిషి కాబట్టి తట్టుకున్నాడు. ఆ అవ్వో, ఈ పిల్లలో తాగింటే నేను చెప్పలేను," అన్నాడు డాక్టరు.

మేనత్త పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. పెళ్లి జరిగింది. చిన్నాయన కొన్నాళ్లు మంచంలో ఉండి కోలుకున్నాడు.

ఆ తర్వాత చెంబు తీసుకుని నేనొక్కదాన్నే పెనుకొండ పోయాను. రామాచారి గుండుతో ఎదురొచ్చాడు. వీరాచారి పోయింది సరోజ పెళ్లినాడే.

"తెలివి లేకుండా పడుండె అక్కా," అన్నాడు. "మిట్టమధ్యాన్నం ఉన్నట్టుండి లేసి కూకుండె. మంచం పట్టెను కణుపుతో ఒకటే కొట్టె. 'పొయ్యగాకు తల్లీ, పొయ్యగాకు' అని అరిసె. అప్పుడు నేను నోట్లో తులసి నీళ్లు పోస్తాంటి. నా చేతి నీళ్లు వద్దంటాండాడని గ్లాసు కింద పెట్టేస్తి. అయినా నేను మగోణ్ణి గదా, తల్లీ అని ఎవుర్ని అనె?"

"నన్నే," అన్నాను. జరిగినదంతా చెప్పాను.

అతను చెంబు అందుకుని నెమలి మెడ తడిమాడు. "అయితే మా నాయన నా చేతి నీళ్లు వద్దనలేదు," అని మొహం కప్పుకుని ఏడ్చాడు.

ఎండ అనీ, ఆకలి అనీ, పెళ్లి హడావుడి అనీ ఇంట్లోవాళ్లు ఎన్నో చెప్పారు. కావచ్చు. పెనుకొండలో ప్రాణం పోతున్న మనిషికి, ధర్మవరంలో నేను చెంబు వంచుతున్న సంగతి ఎలా తెలిసిందో మాత్రం వాళ్లెవరూ చెప్పలేదు. నాకూ తెలియదు.