నునుపు మేస్త్రి

తాను చేసిన గేటులో అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే టీ తాగిస్తానని, షెడ్డుకు వచ్చినవాళ్లతో మేస్త్రి పందెం కాసేవాడు. ఇరవై మూడేళ్లలో ఆ టీ ఒక్కరికీ దక్కలేదు. వెల్డింగ్ చేసిన చోట గ్రైండరు పెట్టి, ఇనుము అద్దంలా అయ్యేదాకా రుద్దనిదే ఆయన చెయ్యి ఊరుకోదు. అందుకే అందరూ నునుపు మేస్త్రి అంటారు. అసలు పేరు ఆయన సంతకంలోనే మిగిలింది.

పేరైతే ఉంది గానీ పనే లేదు. రెడీమేడ్ గేట్లు లారీల్లో వచ్చి దిగుతున్నాయి. రెండు నెలల్లో షెడ్డుకు వచ్చింది కాలు విరిగిన కుర్చీ ఒక్కటే. బావమరిది సంగతి వేరు. వాడు ఏడాది ట్రైనింగు తీసుకుని, సర్టిఫికెట్ పట్టుకుని పైపుల ఫ్యాక్టరీలో చేరాడు. అదే నిప్పు, అదే పని. మేస్త్రి బాగా సంపాదించిన రోజుల్లో తెచ్చినదానికి రెండింతలు ఇంటికి తెస్తున్నాడు. వాడికి రాడ్డు పట్టుకోవడం నేర్పింది మేస్త్రే. ఆ మాట ఆయన పైకి అనడు. అనకపోయినా ముఖం దాచదు కదా.

అనుభవం ఉన్నవాళ్లకు ట్రైనింగు లేకపోయినా ఒక టెస్టు పెట్టి తీసుకోవడం ఆ ఫ్యాక్టరీలో పద్ధతి. వయసు నలభై అయిదు దాటకూడదు. టెస్టు ఏడాదికి ఒక్కసారే. మేస్త్రికి నలభై నాలుగు నిండి పది నెలలయింది. ఇది తప్పితే ఇక అంతే.

"నీ చేతికి అదో లెక్కా బావా? రెండు ప్లేట్లు అతికిస్తావు, వాళ్లు వంచి చూస్తారు, పగలకపోతే పాస్," అన్నాడు బావమరిది. పన్నెండు సాయంత్రాలు పక్కన కూర్చుని కరెంటు ఎంత పెట్టాలో, ఎన్ని పొరలు వెయ్యాలో చెప్పాడు. ఆ పన్నెండు రోజులూ మేస్త్రికి అన్నం సయించలేదు.

"పరీక్ష మీకా, మీ కడుపుకా?" అని భార్య విసుక్కుంది. విసుక్కుంటూనే పెరుగు కలిపి చేతికిచ్చింది.

టెస్టు రోజున బావమరిది బండి మీద దించి, గేటు బయటే ఉంటానన్నాడు. లోపల పద్నాలుగు మంది ఉన్నారు, చాలామంది ముప్పై దాటనివాళ్లు. నిబంధనల కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అన్నీ చీమ తలకాయంత అక్షరాలు. మేస్త్రి బడి మానేసింది ఆరో తరగతిలో. చదవగలడు గానీ కూడబలుక్కోవాలి. పక్కవాళ్లు చకచకా సంతకాలు పెట్టి లేచిపోతున్నారు. నవ్వేవాళ్ల ముందు జారిపడటం ఎందుకని ఆయనా గీకేసి లేచాడు. మహానుభావుడు! చదివి పెట్టమని ఒక్కరిని అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోయేవా?

ముసుగు దించి నిప్పు పుట్టించాక మేస్త్రి చుట్టూ ఎవరున్నారో మరిచిపోయాడు. పొర మీద పొర, ఎక్కడా తెగకుండా సాగింది. పొరకూ పొరకూ మధ్య శుభ్రం చేసుకోవడానికి గ్రైండరు బల్ల మీదే ఉంచారు. చివరి పొర అయింది. పైన కట్టిన పెంకు కొట్టేసి ముసుగు ఎత్తాడు. ఇంకా పావుగంట టైముంది. చెయ్యి గ్రైండరు మీదికి వెళ్లింది. వెళ్లినట్టు ఆయనకు తెలియను కూడా తెలియలేదు.

పరీక్షించడానికి వచ్చిన ఇంజనీరమ్మ ప్లేటు తీసుకుని బొటనవేలితో తడిమింది.

"ఇది మీరే రుద్దారా?"

"నేనేనమ్మా!" మేస్త్రి ముఖం విప్పారింది. "అతుకు ఎక్కడుందో చెప్పండి చూద్దాం."

ఆవిడ నవ్వలేదు. "పైపొర రుద్దితే మేం తీసుకోమండీ. కొందరు పగుళ్లు కనపడకుండా అలా రుద్దేస్తారు. కాగితంలో రాశాం, మీరు సంతకం కూడా పెట్టారు."

"దాచడానికి కాదమ్మా, అందంగా ఉండాలని. వంచి చూడండి. ఒక్కసారి వంచి చూడండి."

ఆవిడకు ఆ అవసరం లేదు. అయినా ప్లేటు ముక్క కోయించి మిషన్లో పెట్టించింది. ఇనుము గుర్రపునాడాలా వంగింది. వెంట్రుకవాసి పగులు లేదు. ఆవిడ దాన్ని రెండుసార్లు తిప్పి చూసింది.

"మంచి పనండీ," అంది మెల్లగా. తర్వాత ఫారంలో 'తిరస్కరించడమైనది' అన్న చోట టిక్కు పెట్టింది.

గేటు బయట బావమరిది బండి మీంచి ఒక్క ఉదుటున లేచాడు.

"ఏమైంది బావా? పగిలిందా?"

"పగల్లేదురా."

"అయితే పాసే కదా!"

"చివర్లో రుద్దాను."

పన్నెండు సాయంత్రాల్లో బావమరిది అన్నీ చెప్పాడు గానీ ఈ ఒక్కటీ చెప్పలేదు. ఇదొకటి చెప్పాల్సిన సంగతని వాడికి తట్టనేలేదు.

"పైపొర ముట్టుకోకూడదని నీకు తెలుసా?" అడిగాడు మేస్త్రి.

"తెలుసు బావా."

"ఎప్పట్నించి?"

బావమరిది తల దించుకున్నాడు.

"ట్రైనింగులో... మొదటిరోజే చెప్పారు," అన్నాడు.