సోమవారం చింపే చివరి పేజీ

నా మొహంలో ఏదీ దాగదు. చిన్నప్పుడు స్కూలు సంచిలోంచి మార్కుల కాగితం తీయకముందే మా అమ్మ "లెక్కల్లోనేనా?" అని అడిగేది. అలాంటి నాకు ఒక చలికాలమంతా వారానికో రహస్యం దాచే పని పడింది. అదీ నాకు ఓనమాలు తెలియని ఆట గురించి.

అప్పుడు మేం మిచిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. కార్ల విడిభాగాలు చేసే ఒక జపాన్ కంపెనీకి అక్కడ చిన్న ఆఫీసుండేది. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో సరదాకి నేర్చుకున్న జపనీస్ నాకు ఆ ఆఫీసులో అన్నం పెట్టింది. డ్రాయింగులు చూడటం సగం పని. జపాన్ నుంచి వచ్చే కాగితాలు అమెరికన్లకు విప్పి చెప్పడం మిగతా సగం. 2008 చివర్లో కార్ల వ్యాపారం కుదేలైనప్పుడు ఆఫీసులో ఉన్న ముగ్గురు జపాన్ వాళ్లలో ఇద్దరిని వెనక్కి పిలిచేశారు. మా మేనేజరు ఒక్కడే మిగిలాడు. ఆ భాష చదవగలిగినవాళ్లం ఆయనా నేనూ, అంతే.

ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. రెండు చెవులూ పూరీ పిండి ముద్దల్లా ముడుచుకుపోయి ఉండేవి. వయసులో రగ్బీ ఆడి, తలలు తలలు ఆనించి తోసుకోవడంలో నలిగిన చెవులవి. జపాన్‌లో పెద్ద కంపెనీలకు సొంత జట్లుంటాయి. ఆటగాళ్లు పొద్దున ఉద్యోగం చేసి సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్తారు. ఆట మానేశాక అదే కంపెనీలో గుమాస్తాలుగానో మేనేజర్లుగానో మిగిలిపోతారు. ఈయన అలా మిగిలినవాడే. ముప్ఫై ఒకటో ఏట మ్యాచ్ మధ్యలో మోకాలు విరిగితే స్ట్రెచర్ మీద బయటికి మోసుకెళ్లారట. మ్యాచ్ అయ్యాక జట్టంతా వరసగా నిలబడి జనానికి వంగి దండం పెట్టడం వాళ్ల ఆనవాయితీ. తనకు ఆ చివరి దండం దక్కలేదని మా ఆఫీసులో చేరిన కొత్తలోనే నాకు చెప్పాడు, నవ్వుతూనే.

వాళ్లావిడ జపాన్‌లోనే ఉండేది. ప్రతి మ్యాచ్‌నీ టీవీలోంచి డిస్క్‌కి ఎక్కించి పోస్టులో పంపేది. అది చేరి, ఈయన తీరుబడిగా శనివారం చూసేసరికి పన్నెండు రోజులు దాటేది. అప్పటిదాకా స్కోరు తెలియకూడదు. ఫోన్‌లో కూడా రగ్బీ మాట ఎత్తకూడదని వాళ్లావిడకి ఆజ్ఞ. కానీ ప్రతి సోమవారం హెడ్డాఫీసు నుంచి వారపత్రిక వచ్చేది. కంప్యూటర్ తెర మీద చదవడం ఆయనకి గిట్టదు కాబట్టి నేను ప్రింట్ తీసి ఇవ్వాలి. చివరి పేజీ ఆటలది. దాన్ని చింపి నా సొరుగులో పెట్టాలి. ఆయన డిస్క్ చూసి వచ్చాక ఆ పేజీ చేతికివ్వాలి. ఇదీ ఒప్పందం.

మొదట్లో నా వంక చూడకుండానే కాగితాలు అందుకునేవాడు. ఆ ఏడాది జట్టు వరసగా ఓడిపోతూ, కింది లీగ్‌లోకి జారిపోయే స్థితికి వచ్చింది. ఇక ఆగలేక ఓరగా నా మొహం చూసేవాడు.

"పోయింది కదా," అనేవాడు.

"నేనేం చెప్పలేదండీ."

"నువ్వు చెప్పక్కర్లేదు."

ఒక్క సోమవారం కూడా తప్పు చెప్పలేదాయన. నేను సిగ్గుపడిపోయి, పేజీని చూడకుండా మడిచి చింపాలనుకునేదాన్ని. అయినా స్కోరు కంటబడేది.

నవంబర్‌లో మా ఆయన ఉద్యోగం పోయింది. ఆయన వీసాని నా వీసా కిందికి మార్చుకున్నాం. నాదేమో ఫిబ్రవరితో అయిపోతుంది. పొడిగింపు కాగితాల మీద మేనేజరు సంతకం కావాలి. ఆయన సంతకాలు పెట్టేది గురువారం మధ్యాహ్నాలే. సెలవలైపోయి జనవరి వచ్చినా నా ఫైలు ఆయన బల్ల మీది దొంతరలో అడుగునే ఉంది. ప్రతి గురువారం దొంతర కొంచెం తగ్గేది, నా దాకా వచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో కంపెనీ ఉంటుందో ఊడుతుందో ఎక్కడైనా రాశారేమోనని వారపత్రికని అక్షరం వదలకుండా చదివేదాన్ని. ఒక సోమవారం చివరి పేజీ కూడా చదివాను. స్కోరు కింద చిన్న పెట్టె కట్టి ఉంది. ఈ సీజన్‌తో రగ్బీ జట్టును ఆపేస్తున్నాం. నెలాఖరున సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్. పాత ఆటగాళ్లు జెర్సీ వేసుకుని ఇప్పటి జట్టుతో కలిసి మైదానంలోకి రావచ్చు, చివర్లో వరసలో నిలబడవచ్చు. పేర్లు శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పంపాలి.

ఆ డిస్క్ ఆయన చూసేది వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం. అప్పటికి గడువు దాటి వారం అవుతుంది. పేజీ చింపి సొరుగులో పెట్టి, మిగతా కాగితాలు తీసుకెళ్లి ఇచ్చాను. ఓరగా చూశాడు. ఈసారి "పోయింది కదా" అనలేదు.

ఇంట్లో కంచం ముందు కూర్చుని కెలుకుతుంటే మా ఆయన అడిగాడు.

"ఏంటలా ఉన్నావ్? లేఆఫ్ లిస్ట్ గానీ వచ్చిందా?"

"కాదు. వాళ్ల రగ్బీ టీమ్‌ని క్లోజ్ చేసేస్తున్నారు." విషయమంతా చెప్పాను.

"రేపు చెప్పెయ్ మరి."

"నా ఫైల్ ఇంకా సైన్ చేయలేదు."

ఆయన కంచం పక్కకి జరిపాడు. "ఈ థర్స్‌డే నీది వస్తుందన్నావు కదా. సైన్ అవ్వనీ. ఇప్పుడు చెప్తే ఆ మూడ్‌లో ఫైల్ పక్కన పడేశాడనుకో, మనం బ్యాగులు సర్దుకోవడమే. ఫ్రైడే వరకు టైమ్ ఉందిగా."

ఆయన్ని అనడం దేనికి? నేను వినాలనుకున్న మాటే ఆయన అన్నాడు.

మంగళవారం మేనేజరు రెండుసార్లు నా డెస్కు దగ్గరికి వచ్చాడు. ఒకసారి టేపు కావాలన్నాడు, ఒకసారి ఊరికే నిలబడి కిటికీలోంచి మంచు చూసి వెళ్లాడు. బుధవారం అంతకుముందు మ్యాచ్ డిస్క్ పోస్టులో వచ్చింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని రోజంతా తడుముకుంటూ తిరిగాడు. ఆయన్ని చూస్తుంటే ఏడుపొచ్చేది. కానీ సొరుగు తాళం తీయలేదు. రోజుకి పదిసార్లు తాళం ఉందో లేదో మాత్రం చూసుకున్నాను.

గురువారం మూడింటికి పిలిచాడు. నా ఫైలు ఆయన ముందుంది. నాలుగు చోట్ల సంతకం పెట్టాడు, ప్రతి చోటా పెన్ను ఆపి పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటూ. సిరా ఆరేదాకా ఊది, మూసి, రెండు చేతులతో అందించాడు.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు.

అక్కడ చెప్పి ఉండవచ్చు. ఫైలు నా చేతిలోనే ఉంది. కానీ అది ఇంకా ఆఫీసులో వీసా పనులు చూసే అమెరికన్ ఆవిడ దగ్గరికి వెళ్లాలి, లాయరుకి పోవాలి. వెనక్కి అడుగుతాడేమోనన్న పిచ్చి భయం పట్టుకుంది.

"ఏం లేదండీ," అన్నాను.

ఆ సాయంత్రమే ఫైలు లాయరుకి వెళ్లిపోయింది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికల్లా చివరి పేజీ తీసుకుని ఆయన గదిలోకి వెళ్లాను. దారిలో ఒక అబద్ధం తయారు చేసుకున్నాను.

"క్షమించండి, ఒప్పందం తప్పుతున్నాను. సొరుగు సర్దుతుంటే ఇప్పుడే కంటబడింది. ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా పేరు పంపాలట."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ఆ పెట్టె చిన్నదే అయినా చాలాసేపు చదివాడు. తర్వాత తలెత్తి గోడ వైపు చూశాడు. నేనూ చూశాను.

గోడ మీద రెండు గడియారాలు. ఒకటి మాది, రెండోది జపాన్‌ది. రెండో దాంట్లో పదకొండు దాటి పది నిమిషాలు. అక్కడ రాత్రి. ఐదు గంటలు ఎప్పుడో అయిపోయాయి.

ఆ గడియారానికి బ్యాటరీ మార్చేది నేను. ఆ పద్నాలుగు గంటల తేడా లెక్కేసి మీటింగులు పెట్టేది నేను. ఆ లెక్కకే నాకు జీతం. వారమంతా శుక్రవారం ఐదంటే మా ఐదే అనుకుంటూ కూర్చున్నాను.

"ఒక్క ఫోన్ చేస్తే సర్దుతారేమో. మీరంటే కాదనరు," అన్నాను.

"పేర్లు అచ్చుకి వెళ్లిపోయుంటాయి. గడువు అంటే గడువే." పేజీని మడత మీదే మళ్లీ మడిచాడు. "చూడగానే తెచ్చావు. థాంక్స్."

ఆ థాంక్స్ తీసుకుని నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను.

ఆయన జపాన్ వెళ్లలేదు. వెళ్లి జనంలోనైనా కూర్చోవచ్చు కదా అని నేనే ఒకరోజు అడిగాను. పేరు ఇవ్వనివాడు వచ్చి కూర్చుంటే పేర్లు రాసుకున్నవాళ్లకి ఇబ్బంది అన్నాడు.

ఫిబ్రవరిలో నా పొడిగింపు వచ్చింది, మూడేళ్లకి. మా ఆయన స్వీట్లు తెచ్చాడు. అదే వారం ఆఖరి మ్యాచ్ డిస్క్ వచ్చింది. ఎప్పుడూ ఇంట్లో ఒక్కడే చూసే మనిషి, దాన్ని ఆఫీసుకి తెచ్చి, లంచ్ టైములో కాన్ఫరెన్స్ గదిలో పెట్టి నన్ను పిలిచాడు. ఆట నాకేం అర్థం కాలేదు. జట్టు ఓడిపోయింది. తర్వాత పాత ఆటగాళ్లంతా, బొజ్జలున్నవాళ్లూ జుట్టు ఊడినవాళ్లూ, బిగుతు జెర్సీల్లో వరసగా నిలబడ్డారు. ఆయన తెర దగ్గరికెళ్లి ఒకాయన మీద వేలు పెట్టాడు.

"వీడు నా పక్కన తోసేవాడు," అన్నాడు. ఆ పక్కన ఇంకెవరో ఉన్నారు.

వరసంతా వంగి దండం పెట్టింది. ఆయన డిస్క్ ఆపాడు.

"ఆ పేజీ శుక్రవారం చూశానన్నావు."

నేను తల దించుకున్నాను. "సోమవారమే చూశానండీ. నా సంతకం అయ్యేదాకా ఆగాను."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఆ సోమవారం నీ మొహంలో ఎప్పటిలా ఓటమి లేదు, జట్టు గెలిచిందేమో అనిపించింది. అందుకే రోజూ వచ్చి నీ మొహం చూసి వెళ్లాను," అన్నాడు. "ఇన్నాళ్లలో మొదటిసారి నాకేమీ కనిపించలేదు."

డిస్క్ తీసి, కవరులో పెట్టి, లైటు వేశాడు.