ఉత్తరపు గోడకు కిటికీలు

మా తమ్ముడి భార్యను బడిపిల్లలు గ్లోబు టీచరంటారు. ఎదుట అనరు, వెనక అంటారు, అదీ ఆమెకు వినపడేంత గట్టిగా. మూడో తరగతికి పాఠాలు చెప్పడం ఆమె ఉద్యోగం. సంచిలో దువ్వెన మరిచిపోతుందేమో గానీ, ఊలు చుట్టి నడుమ అల్లికసూది గుచ్చిన బంతిని మాత్రం మరవదు. అదే ఆమె భూమి.

కాలు నిలవని మనిషిని నేను. ఏ ఊరెళ్లినా ముందు బడి కిటికీలు చూస్తాను. ఎండను ఎటునుంచి రానిస్తారో, గాలిని ఎటు ఆపుతారో చూస్తే ఆ ఊరి సంగతి సగం తెలిసిపోతుంది. ఒక ఇసుక ఊళ్లో కిటికీలు పిడికిలంతే ఉండేవి. ఇంకోచోట గోడకంటే కిటికీయే ఎక్కువ, వానాకాలంలో పుస్తకాలతోపాటు పిల్లలూ నానేవారు. సరే, దారి తప్పుతున్నాను. మా మరదలి బడిలో కిటికీలు అసలు తిరగబడ్డాయి.

ఈ ఊరు భూగోళానికి కింది సగంలో ఉంది. చలికాలంలో ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు, కాస్త తల వంచుకుని నడుస్తాడు. బడి కట్టించింది మాత్రం ఒకప్పుడు సముద్రం దాటివచ్చి ఏలిన దొరలు. వాళ్ల దేశం పై సగంలో. అక్కడ ఎండ వచ్చేది దక్షిణం నుంచి, చలిగాలి వచ్చేది ఉత్తరం నుంచి. అందుకని దక్షిణానికి నాలుగు పెద్ద కిటికీలు, ఉత్తరానికి మూసిన గోడ గీసి, ఆ నమూనాను ఓడలో పంపారు. ఇక్కడి మేస్త్రీలు గీసింది గీసినట్టే కట్టారు. కాదని చెప్పినా వినేదెవరు? దొరలు వెళ్లిపోయారు, చలి ఉండిపోయింది. జూన్ నెలలో పట్టపగలు దీపాలు వేసుకుని, చేతులు చంకల్లో దూర్చుకుని ఎక్కాలు చెబుతారు పిల్లలు.

ఈ ఏడు చలికాలం మొదట్లో బడికి మరమ్మతులు పెట్టుకున్నారు. మరమ్మతుల సంఘం అధ్యక్షుడు ఇదే బడిలో చదివి, కోర్టులో గుమాస్తాగా పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి. మరదలు వెళ్లి, ఉత్తరపు గోడకు కిటికీ పెట్టించమని అడిగింది. ఈసారి తప్పితే ఆ గోడ జోలికి మళ్లీ ఏ తరంవాళ్లు వస్తారో!

"అంత గొప్ప ఇంజనీర్లు కట్టిన గోడమ్మా. తెలీకుండానే కట్టారంటావా? రంగేం కావాలో చెప్పు, వేయిస్తాను," అన్నారాయన.

ఆమె అన్నం ముందు కూర్చుని కూడా ఉడికిపోయింది. "విన్నారా బావగారూ, చలికి రంగు వేయిస్తారట!"

"ఎర్రరంగు అడుగు, వెచ్చగా కనబడుతుంది," అన్నాడు మా తమ్ముడు. వాడు బస్సు డ్రైవరు, వాడి హాస్యం కూడా మనిషిని ముందుకు తూలేట్టు చేస్తుంది.

"మీరు మాట్లాడకుండా తినండి." నావైపు తిరిగింది. "ఆయన్ని పాఠానికి పిలుస్తాను. ఈ వారం రుతువులు, పై వారం దొరల పాలన. రెండూ కలిపేస్తాను."

నేనూ వెళ్లి వెనక బెంచీలో మోకాళ్లు ఇరికించుకున్నాను. మఫ్లరు చుట్టుకున్న అధ్యక్షుడికి ముందు కుర్చీ వేశారు. మరదలు బల్లమీద దీపం వెలిగించింది.

"వేసవి ఎందుకొస్తుంది?"

"భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుంది గనక!" తరగతి మొత్తం ఒకే గొంతు. అధ్యక్షుడూ తలూపారు. ఇక్కడివాళ్లకు ఈ తప్పు సులువుగా పట్టుకుంటుంది. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరిలో, ఇక్కడ వేసవీ అప్పుడే మరి.

"అదే జనవరిలో దొరల దేశంలో మంచు కురుస్తుంది. వాళ్లేమైనా వేరే భూమి మీదున్నారా?"

ఆమె ఊలుబంతి సూదిని ఓరగా పట్టుకుని దీపం చుట్టూ తిరిగింది. ఏ సగం దీపం వైపు వాలితే ఆ సగానికి వేసవి, వెనక్కి వాలిన సగానికి చలి. తర్వాత ఒక పక్క చించిన అగ్గిపెట్టె తీసింది. "ఇది దొరల బడి. చించినవైపు కిటికీలు." పై సగంలో, చించినవైపు కిందికి, అంటే దక్షిణానికి, ఉండేలా గుచ్చి, ఆ సగానికి చలికాలం తెచ్చింది. దీపం వెలుగు పెట్టెలోకి దూరింది. పెట్టెను తిప్పకుండా అలాగే కింది సగానికి జరిపి, ఈసారి ఇక్కడి చలికాలం తెచ్చింది. పెట్టెలో చీకటి.

"తిప్పితే సరి టీచర్!" రెండు జడల పిల్ల ఒకతె లేచివచ్చి పెట్టెను తనే తిప్పి పెట్టింది. లోపల వెలుగు. ఆ పిల్ల పెట్టెను చూసింది, కిటికీలను చూసింది, గోడను చూసింది. "అమ్మో! మన బడి కూడా తిప్పాలి టీచర్!"

గదంతా నవ్వులు. "దొరలకి దిక్కులు తెలీవా?" అన్నాడొకడు.

"తెలుసురా, వాళ్ల ఊరి దిక్కులు తెలుసు. ఇక్కడి ఎండ సంగతి ఇక్కడివాళ్లని అడగలేదు. అడగక్కర్లేదనుకున్నారు. వచ్చేవారం చెప్పబోయే పాఠం అదే."

రెండు జడల పిల్ల ఇంకా కూర్చోలేదు. "తాతగారూ, మీకు చలేసేది కాదా?"

ఆయన మఫ్లరు సర్దుకున్నారు. "వేసేదమ్మా. వణికితే మా మాస్టారు బెత్తం తీసేవారు. తప్పు మా ఒంట్లోనే ఉందనుకున్నాం." చేయి చాచి అగ్గిపెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపే చూశారు. "ఒక కిటికీ చాలా టీచరమ్మా?"

"రెండండీ," అంది మరదలు, ఊపిరైనా తీసుకోకుండా.

"గట్టిదానివే! పాతవి మాత్రం మూయించకు. వేసవిలో చల్లగా ఉంటాయి."

ఆ నెల తిరగకముందే గోడ పగిలింది, కిటికీలు వచ్చాయి. ఇప్పుడు మధ్యాహ్నం ఎండ రెండు చాపలు పరిచినట్టు బెంచీల మధ్య పడుతోంది. "జరగవే, అది నా ఎండ!" అని తగాదాలు. మరదలు వంతులు పెట్టింది. వారానికోసారి ఎండ అంచున సుద్దముక్కతో గీత గీయిస్తోంది. ఒక్కో గీత కిటికీ వైపు వెనక్కి జరుగుతోంది, వేసవి బయల్దేరిందన్నమాట.

రంగు పని చూసే మిషమీద అధ్యక్షుడు మధ్యాహ్నాలు వస్తున్నారు. రంగు ఎప్పుడో ఆరిపోయింది. నిన్న కూడా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎండలో కళ్లు మూసుకుని నిలబడ్డారు.

"తాతగారూ, గీత తొక్కేస్తున్నారు," అంది రెండు జడల పిల్ల.

ఆయన కళ్లు తెరవకుండానే ఒకడుగు పక్కకి జరిగారు, ఎండలోనే.