లేత్ మిషనుకు నేను పెట్టిన బొట్లు

నా చిన్నతనమంతా తెనాలిలో మా తాతయ్యకున్న, ఇనుము చెక్కే లేత్ మిషన్ల షెడ్డు చప్పుళ్లలోనే గడిచింది. దసరాకి మిషన్లకు బొట్లు పెట్టే పెత్తనం నాదే. తొమ్మిదేళ్ల వయసులో ఒకసారి నాకు భక్తి మరీ ఎక్కువైపోయింది. లేత్ మీద, ఇనుము కోసే ఉలిని మోసే బండిలాంటి భాగం జారే ఇనుప పట్టాలకు, గడపకు రాసినట్టు పసుపు ముద్ద పట్టించి, పొడవునా కుంకుమ బొట్లు పెట్టాను. అబ్బో, నా కంటికి ఎంత ముచ్చటగా ఉందో!

మర్నాడు ఉదయం, మిషను నడిపే పనివాడు, నేను బాబాయి అని పిలిచే ఆయన, అదంతా గుడ్డతో తుడిచి పని మొదలుపెట్టాడు. ఆయన భట్టిప్రోలు నుంచి వచ్చేవాడు, ఆదివారం చర్చి మానేవాడు కాదు. చెరుకుపల్లి రైస్ మిల్లుకి ఇవ్వాల్సిన షాఫ్టు, అదే ఇనుప ఇరుసు, చెక్కుతుంటే దాని మీద గాట్లు పడ్డాయి. షెడ్డు పనులు చూసుకునే మా పెదనాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నూనె వెయ్యకుండా నడిపావా? రేపట్నుంచి పనిలోకి రావద్దు!"

బాబాయి ఒక్కసారి నా వైపు చూశాడు. "పొరపాటైందండి" అని తల దించుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. నేనేమో తలుపు చాటుకి తప్పుకున్నాను.

అప్పుడు తాతయ్య వచ్చి, గ్లాసు నిండా నీళ్లు పోసి ఆ బండి మీద పెట్టాడు. బండిని జరిపే చేతి చక్రం మెల్లగా తిప్పాడు. కాసేపు నీళ్లు కదలలేదు. తర్వాత బండి పట్టేసినట్టు ఆగి, ఒక్క ఉదుటున ముందుకు దూకింది. నీళ్లు తొణికాయి. నా అరచేతిని బండి మీద ఆనించి మళ్లీ తిప్పాడు. ఆగడం, దూకడం, ఆగడం, దూకడం. ఆ కుదుపు నా గుండెలోకి పాకింది.

"నేనే తాతయ్యా! పసుపు రాశాను!" అని బావురుమన్నాను.

బండి విప్పితే అడుగున నూనెతో కలిసిన పసుపు జిగురులా పట్టి ఉంది. తాతయ్య నన్ను దగ్గరికి తీసుకుని, పెదనాన్నతో అన్నాడు, "ముందు చెయ్యి వేసి చూడరా. నోరు తర్వాత." పెదనాన్న సిగ్గుపడి, బాబాయికి తనే వెళ్లి టీ తెచ్చిచ్చాడు.

మరుసటి దసరాకి మిషను మీద, కదలని చోట, సుద్దముక్కతో గీసిన సున్నా కనిపించింది. "బొట్టు ఇక్కడ పెట్టమ్మా" అన్నాడు బాబాయి నవ్వుతూ. నేను ఏడ్చేశాను.

తర్వాత బాపట్లలో చాలా ఏళ్లు టీచరుగా పనిచేశాను. క్లాసులో ఏ పిల్లయినా "నాదే తప్పు టీచర్" అని తల దించుకుంటే, ఆ పక్కన వణుకుతున్నది ఎవరా అని చూసేదాన్ని. ముందు ఆ వణికే పిల్ల భుజం మీదే చెయ్యి వేసేదాన్ని.