ఒక్కడి భజన

ఎలమంచిలి బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఒళ్లో గుడ్డసంచి ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా అందులో తాళాలు మోగుతున్నాయి.

"భజనకా?" అని అడిగాను.

"అవును బావ. నాను జైల్లో ఉన్నప్పటి ఆఫీసరు తల్లి పోయింది. ఇయాల పన్నెండో దినం. మా కంచరపాలెం భజన బృందాన్ని రమ్మన్నాడు. అందులో నానున్నట్టు ఆడికి తెలీదు."

"మిగతావాళ్లేరి?"

"రావొద్దన్నాను." అతను సంచి నిమిరాడు. "నాను లోపలుండగానే మాయమ్మ పోయింది. సూడ్డానికి పంపలేదు. తోటి ఖైదీలు నా సుట్టూ కూసుని రామభజన ఎత్తుకున్నారు. ఆడొచ్చి అందర్నీ లేపేసాడు. గుంపు కట్టొద్దు, దేవుడు కావాలంటే ఎవడి గదిలో ఆడు తలుసుకోండన్నాడు. గదిలో నానొక్కడినే పాడాను. ఇయాల ఆడింట్లోనూ నానొక్కడినే పాడతాను."

"పాపం, ఆ ముసలావిడేం చేసింది?"

"మాయమ్మేటి సేసింది?"

ఎలమంచిలిలో అతను సంచిలోంచి తాళాలు తీసి చేత్తో పట్టుకుని దిగాడు. కొత్తగా గుండు చేయించుకున్న ఒక పెద్దాయన ఖాళీ వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు. అతన్నీ, అతని చేతిలోని తాళాలనీ చూశాడు. వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని బస్సు తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆ పెద్దాయన మీద జాలిపడదామనుకున్నాను. ఇప్పటికీ పడలేదు.